మీ ప్రశ్నలు – మా జవాబులు: స్టాక్ కారు డ్రైవరు వృత్తి

ప్రశ్న: అమెరికాలో జరిగే నాస్కార్ పందేలలో (పైకి మామూలు కార్లలా కనిపించే ‘స్టాక్ కార్ల’ పందేలు) కార్లు చాలావరకు ఎడమవైపుకే తిరుగుతూ ఉంటాయి. వేగమంతా ఇంజనుదే అయినప్పుడు డ్రైవరు చూపించే నైపుణ్యం ఏమిటి?

జవాబు: ఈ పందేలను టీవీలో చూసే చాలామందికి ఇదే సందేహం కలుగుతుంది. ముందుగా గమనించవలసినది, ఏ రెండు ట్రాకులూ ఒకేలా ఉండవు. ఫ్లోరిడాలోని డేటోనా ట్రాకు పొడవు రెండున్నర మైళ్లు. మలుపుల్లో అది 31 డిగ్రీల వాలుతో గోడలా పైకి లేచి ఉంటుంది. వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాకు అర మైలుకు కాస్త ఎక్కువ. అక్కడ పందెమంతా బ్రేకులను కాపాడుకోవడంలోనే ఉంటుంది. డేటోనాలో ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే వెనుక కారు ఆ చాటున సాగుతుంది, అలా వరుసకట్టిన కార్లు ఒంటరి కారు కంటే వేగంగా పోతాయి. కాబట్టి చివరి ల్యాపుల్లో (ట్రాకు చుట్టూ తిరిగే చుట్లలో) తనను వెనుక నుంచి నెట్టేదెవరు, పక్కకు తప్పుకునేదెవరు అన్నది డ్రైవరు క్షణంలో అంచనా వేయాలి.

ఇక టైర్లు అరిగేకొద్దీ కారు ప్రవర్తన మారిపోతుంది. స్టీరింగు తిప్పినా ముందు భాగం తిరగకపోతే కారు ‘టైట్’ అయిందని, వెనుక భాగం జారిపోతుంటే ‘లూజ్’ అయిందని డ్రైవర్లు అంటారు. ఏ మలుపులో, మలుపు మొదట్లోనా చివర్లోనా, ఎంత మేరకు అలా అవుతోందో డ్రైవరు రేడియోలో తన జట్టు సిబ్బందికి పెద్ద అయిన క్రూ చీఫ్‌కు విడమరిచి చెప్పాలి. కారు పిట్‌లో, అంటే ట్రాకు పక్కన కార్లను సరిచేసే చోట, ఆగిన కొద్ది సెకన్లలోనే సిబ్బంది టైర్లు మార్చి, పెట్రోలు నింపి, అవసరమైతే వెనుక కిటికీ అద్దం దగ్గర పొడవాటి పానా దూర్చి స్ప్రింగు బిగువును సరిచేస్తారు. డ్రైవరు తప్పుగా చెబితే సిబ్బంది తప్పుగానే సరిచేస్తారు. నా దృష్టిలో గొప్ప డ్రైవరును మామూలు డ్రైవరు నుంచి వేరు చేసేది, కారు ఒంటికి చెప్పేదాన్ని మాటల్లో పెట్టగల ఈ శక్తే.

ఇదంతా 50 డిగ్రీలు దాటగల వేడిలో, మూడు నాలుగు గంటల పాటు జరుగుతుంది. తల అటూ ఇటూ కదలకుండా బిగించి ఉంటుంది కనుక పక్కన ఉన్న కారు డ్రైవరుకు సరిగా కనిపించదు. స్టేడియం పైకప్పు మీద నిలబడిన స్పాటర్ అనే సహాయకుడు ‘ఇన్‌సైడ్’ (లోపలి పక్కన కారుంది), ‘క్లియర్’ (పక్కన ఖాళీ) అని రేడియోలో చెబుతుంటే, ఆ మాటనే నమ్మి పక్క వరుసలోకి జరగాలి.

ప్రశ్న: ఈ వృత్తిలోకి ఎలా చేరతారు? ప్రతిభ ఉంటే చాలునా?

జవాబు: చాలదు. నాలుగుసార్లు చాంపియన్ అయిన జెఫ్ గోర్డన్ ఐదేళ్ల వయసు నుంచే పిల్లల రేసు కార్లు నడిపాడు. ఇప్పటికీ చాలామంది అలాగే మొదలుపెట్టి, ఊళ్లలోని మట్టి ట్రాకుల మీదుగా, పికప్ ట్రక్కుల సిరీస్, రెండో స్థాయి సిరీస్ దాటి, చివరకు అగ్రశ్రేణి అయిన కప్ సిరీస్‌కు చేరతారు. విలియం బైరన్ కంప్యూటర్ సిమ్యులేషన్‌లో సాధన చేసి ఈ దారిలోకి వచ్చి, 2024లోనూ 2025లోనూ డేటోనాలో జరిగే 500 మైళ్ల పెద్ద పందెం ‘డేటోనా 500’ గెలిచాడు. అయితే కారును నడిపించేది స్పాన్సర్ల డబ్బు. జట్టుకు స్పాన్సర్‌ను వెంటబెట్టుకు రాగలిగిన కుర్రవాడికి సీటు త్వరగా దొరుకుతుంది, అంతకంటే వేగమైనవాడు ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. ఈ క్రీడను ప్రేమించేవారు బాధపడవలసిన విషయమిది.

డబ్బుకు వివక్ష కూడా తోడైతే ఏమవుతుందో వెండెల్ స్కాట్ జీవితం చెబుతుంది. వర్జీనియాకు చెందిన ఈ నల్లజాతి డ్రైవరు పెద్ద స్పాన్సర్లెవరూ లేకుండా, తన కార్లను తానే బాగుచేసుకుంటూ 1961 నుంచి 1973 వరకు అగ్రశ్రేణి సిరీస్‌లో పోటీపడ్డాడు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో అతడే గెలిచినా, ట్రోఫీని బక్ బేకర్‌కు అందజేశారు. లెక్క తప్పిందని అధికారులు ఒప్పుకునేసరికి ప్రేక్షకులు వెళ్లిపోయారు. స్కాట్ 1990లో మరణించాడు. ఆయన కుటుంబానికి నాస్కార్ ట్రోఫీ అందించింది 2021లో. మరో నల్లజాతి డ్రైవరు, బబ్బా వాలెస్, కప్ సిరీస్‌లో గెలిచిందీ అదే ఏడాది.

ప్రశ్న: ఒక డ్రైవరు ఎన్నాళ్లు పోటీపడగలడు? ప్రాణాపాయం ఇప్పటికీ ఉందా?

జవాబు: ఇతర క్రీడలతో పోలిస్తే ఈ వృత్తి చాలాకాలం సాగుతుంది. రిచర్డ్ పెటీ 1992 దాకా పందేలలో పాల్గొని, 200 విజయాలు, ఏడు చాంపియన్‌షిప్‌లు సాధించాడు. పెటీతో సమానంగా ఏడుసార్లు చాంపియన్ అయిన డేల్ ఎర్న్‌హార్ట్, డేటోనా 500ను మాత్రం ఇరవయ్యో ప్రయత్నంలో, 1998లో గెలిచాడు. ఆ రోజు అతడి కారు పిట్ దారిలో మెల్లగా వస్తుంటే, ప్రత్యర్థి జట్ల సిబ్బంది అంతా వరుసగా నిలబడి, కిటికీలోంచి చేయి కలిపారు. మూడేళ్ల తర్వాత, 2001 ఫిబ్రవరి 18న, అదే పందెం చివరి ల్యాపులో కారు గోడను ఢీకొని అతడు మరణించాడు.

ఆ మరణమే ఈ క్రీడను మార్చింది. వేగంగా ఢీకొన్నప్పుడు శరీరాన్ని బెల్టులు ఆపినా తల ముందుకు విసురుగా పోయి పుర్రె అడుగుభాగం విరుగుతుంది. దాన్ని నివారించేందుకు తలను, మెడను పట్టి ఉంచే పరికరాన్ని అదే ఏడాది అక్టోబరులో తప్పనిసరి చేశారు. మరుసటి ఏడాది నుంచి, దెబ్బను తనలోకి తీసుకునే ఉక్కు–నురుగు గోడలు ట్రాకుల చుట్టూ వెలిశాయి. ఆ తర్వాత కప్ సిరీస్ పందెంలో ఏ డ్రైవరూ ప్రాణం కోల్పోలేదు. దెబ్బకు మెదడు అదిరిపోయే (కన్‌కషన్) ముప్పు మాత్రం మిగిలే ఉంది: ఎర్న్‌హార్ట్ కుమారుడు డేల్ జూనియర్ ఆ కారణంగా 2016 సీజనులో రెండో సగమంతా దూరమై, 2017తో పూర్తికాలపు పోటీలకు స్వస్తి చెప్పాడు.

ప్రశ్న: మన దేశం నుంచి ఎవరైనా నాస్కార్‌లో పాల్గొన్నారా?

జవాబు: పాల్గొన్నారు. 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన నారాయణ్ కార్తికేయన్ 2010లో ట్రక్కుల సిరీస్‌లో పోటీపడ్డారు. మరుసటి ఏడాది ఆయన తిరిగి ఫార్ములా వన్‌కు వెళ్లిపోయారు.