ఏజెంట్‌కి 3 శాతం: సంతకం పెట్టేముందు ఒక లెక్క

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. ఎనిమిదేళ్ల కిందట కొన్న టౌన్‌హోమ్ అమ్మేసి, పిల్లల స్కూలుకి దగ్గర్లో కాస్త పెద్ద ఇల్లు కొనాలనుకుంటున్నాం. టౌన్‌హోమ్‌కి 4,50,000 డాలర్లు రావచ్చు. కొనేది 7,00,000 దాకా పడుతుంది. అప్పుడు కొన్నప్పుడు మా ఏజెంట్‌కి మేం ఒక్క డాలరూ ఇవ్వలేదు. ఇప్పుడు తెలిసినాయన్ని ఇళ్లు చూపించమంటే, 3 శాతం అని రాసిన అగ్రిమెంట్ పంపి ముందు సంతకం పెట్టమన్నారు. ఆయనది మా ఊరే, బేరమాడాలంటే మొహమాటం. అమ్మేటప్పుడూ మేమే, కొనేటప్పుడూ మేమే కట్టాలా?

జవాబు: ఆయన సంతకం అడగడంలో తప్పు లేదండీ, ఇప్పుడు రూలే అది. కానీ ఆ 3 శాతం రూలు కాదు.

ఎనిమిదేళ్ల కిందట మీ ఏజెంట్ ఊరికే పని చేయలేదు. ఇల్లు అమ్మినవాళ్లు 5 నుంచి 6 శాతం కమీషన్ ఇచ్చేవారు, అందులో సుమారు సగం మీ ఏజెంట్‌కి వెళ్లేది. ఎంత వెళ్తుందో ఎంఎల్ఎస్‌లో (అమ్మకానికున్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పెట్టుకునే ఉమ్మడి జాబితా) ఏజెంట్లకి ముందే కనిపించేది, మీకు కనిపించేది కాదు. దీని మీద మిస్సోరీలో ఇళ్లు అమ్మినవాళ్లు కోర్టుకెక్కారు. 2023 అక్టోబరులో కాన్సస్ సిటీ జ్యూరీ వాళ్ల వైపే తీర్పిచ్చింది. ఆ తర్వాత, 2024 మార్చిలో, ఏజెంట్ల జాతీయ సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. ఆ రాజీ ప్రకారం, ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి బయ్యర్ ఏజెంట్ (కొనేవాళ్ల తరఫు ఏజెంట్) వాటా ఎంఎల్ఎస్‌లో పెట్టడానికి లేదు. ఏజెంట్ మీకు ఇల్లు చూపించాలంటే ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అందులో ఫీజు ఎంతో స్పష్టంగా ఉండాలి. మీ అంతట మీరు ఓపెన్ హౌస్‌కి (ఎవరైనా వచ్చి చూడొచ్చని ఇల్లు తెరిచి ఉంచే రోజుకి) వెళ్లి చూడ్డానికి మాత్రం ఏ సంతకమూ అక్కర్లేదు.

హైదరాబాద్‌లో కొనేవాళ్లొక వైపు, అమ్మేవాళ్లొక వైపు బ్రోకర్‌కి ఇచ్చుకోవడం మనం చూసిందే. కాబట్టి ఇది మరీ వింత ఏం కాదు. తేడా అంతా కాగితంలో ఉంది.

మీరు 3 శాతానికి సంతకం పెట్టారనుకుందాం. 7,00,000 ఇంటికి అది 21,000 డాలర్లు. అమ్మేవాళ్లు 2 శాతమే ఇస్తామన్నారు, అంటే 14,000. మిగతా 7,000 కట్టే బాధ్యత మీది. ఆ డబ్బు మామూలుగా లోన్‌లో కలపరు, క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మీ పేరు మీదకి మారే రోజున, డౌన్‌పేమెంట్‌తో పాటు చేతినుంచి కట్టాలి. నా దగ్గరికి వచ్చిన ఒక జంట సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నారు. డౌన్‌పేమెంట్‌కి పైసా పైసా లెక్కేసి పెట్టుకున్నారు కానీ అగ్రిమెంట్‌లో ఈ లైను చదవలేదు. చివరి వారం ఆ టెన్షన్ చూడాలి!

ఇప్పుడు తిరగేసి చూడండి. మీరు 2 శాతానికి రాసుకున్నారు, అమ్మేవాళ్లు 3 ఇస్తామన్నారు. అయినా మీ ఏజెంట్ 2 మించి తీసుకోవడానికి లేదు. అందుకే తక్కువ అంకెతో మొదలుపెట్టడమే మీకు మేలు. నన్నడిగితే 2 శాతం, లేదా 12,000 లాంటి ఒకే మొత్తం. ఒకే మొత్తమైతే, ఇంటి ధర పెరిగినా ఆయన ఫీజు పెరగదు. ఆ ఫీజు అమ్మేవాళ్లే కట్టాలని ఆఫర్‌లో అడగొచ్చు, చాలామంది ఇప్పటికీ ఒప్పుకుంటున్నారు. ఒప్పందం గడువు కూడా చూసుకోండి. ఆరు నెలలకి కట్టుబడే బదులు మొదట ఒక వారానికో, ఒక ఇంటికో రాసుకోండి.

కొత్త కమ్యూనిటీల్లో బిల్డర్ దగ్గర కొనాలనుకుంటే కథ కాస్త వేరు. అక్కడ బయ్యర్ ఏజెంట్‌కి బిల్డరే ఇవ్వడం మామూలు. కాకపోతే మొదటిసారి వెళ్లినప్పుడే ఏజెంట్ పేరు రాయించమంటారు చాలామంది బిల్డర్లు. ఆదివారం సరదాగా మోడల్ హోమ్ చూసొచ్చి, ఆ తర్వాత ఏజెంట్‌ని తీసుకెళ్తే కుదరకపోవచ్చు. టెక్సస్‌లో ఏజెంట్ తన కమీషన్‌లో కొంత మీకు వెనక్కి ఇవ్వడం చట్టబద్ధమే. అది నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద పెట్టించండి, లెండర్‌కీ చెప్పండి.

ఇక అమ్మకం. బయ్యర్ ఏజెంట్‌కి మీరు ఇచ్చి తీరాలని రూలేమీ లేదు. అలాగని ‘ఒక్క డాలరూ ఇవ్వం’ అని ముందే చెప్పేస్తే, చేతిలో నగదు తక్కువున్న కొత్త జంటలు మీ ఇంటి వైపే రారు. ఏ ఆఫర్ వచ్చినా చేతికెంత మిగులుతుందో చూడండి. మీ ఇల్లు అమ్మిపెట్టే లిస్టింగ్ ఏజెంట్‌కి 2.5 శాతం అనుకుందాం. ఒకరు 4,50,000 ఇస్తూ తమ ఏజెంట్‌కి 2.5 శాతం అడిగారు: మీకు మిగిలేది 4,27,500. ఇంకొకరు 4,40,000 ఇస్తూ ఏమీ అడగలేదు: మిగిలేది 4,29,000. తక్కువగా కనిపించే ఆఫరే 1,500 ఎక్కువ.

అమ్మకం కమీషన్‌ని పన్ను లెక్కలో అమ్మిన ధరలోంచి తీసేస్తారు. గత ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉండి, జాయింట్‌గా ఫైల్ చేసే భార్యాభర్తలకి 5,00,000 డాలర్ల లాభం దాకా సాధారణంగా ఫెడరల్ పన్ను పడదు కాబట్టి, మీ విషయంలో దీనికి పెద్ద ప్రాముఖ్యం లేదు.

మొహమాటం సంగతికొస్తే, ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి. “అన్నగారూ, అగ్రిమెంట్ చదివాం. 2 శాతం, ఒక వారం గడువుకి మార్చి పంపిస్తే ఈ రాత్రికే సంతకం పెట్టేస్తాం. శనివారం ఇళ్లు చూద్దాం.” కమీషన్ చట్టం నిర్ణయించింది కాదని, బేరమాడుకోవచ్చని ఆయన పంపిన అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటుంది, ఒకసారి వెతకండి.