ఫొటోలు ఇంట్లో ప్రింట్ చేసుకోవాలా, ల్యాబ్‌కి ఇవ్వాలా?

నెలకు ఇరవై ముప్పై ఫొటోల కోసం ప్రింటర్ కొనాలా, ల్యాబ్ చాలా అని అడిగారు. అన్ని తక్కువ ఫొటోలకైతే ల్యాబే నయం.

ఇంట్లో వాడే ఇంక్‌జెట్‌తో (కాగితం మీద ఇంకు చుక్కలు చిమ్మే ప్రింటర్) అసలు చిక్కు ఇంకు ధర కాదు, వాడకుండా వదిలేయడం. ఇంకు చిమ్మే హెడ్‌లోని సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుంది, హైదరాబాద్ మే ఎండల్లో మరీను. సెలవులకు ఊరెళ్లి మూడు వారాలకు తిరిగొస్తే నా ప్రింట్ల నిండా తెల్ల చారలే! హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ ఆ కడిగేదీ ఇంకుతోనే. వారానికో కలర్ ఫొటో ప్రింట్ చేస్తుంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

చాలా ల్యాబుల్లో అసలు ఇంకు వాడకమే ఉండదు. సిల్వర్ హాలైడ్ కాగితం (వెలుగు తగిలితే మారే వెండి లవణాల పూత ఉన్నది) మీద లేజర్ కాంతితో బొమ్మ పడేలా చేసి, రసాయనాల్లో కడుగుతారు. ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో (sRGB అనే మామూలు రంగుల ప్రమాణం) ఇవ్వండి. 4×6 అంగుళాలకు 1200×1800 పిక్సెళ్లు చాలు. కోఠిలో ఇచ్చినా కూకట్‌పల్లిలో ఇచ్చినా "ఆటో కరెక్షన్ వద్దండీ" అని, అంటే మెషీన్ తనంతట తానే వెలుగూ రంగులూ మార్చొద్దని, ముందే చెప్పండి. లేకపోతే సంధ్యవేళ తీసిన చార్మినార్ మిట్టమధ్యాహ్నంలా తెల్లబడి రావచ్చు.

నలుపు తెలుపు ఫొటోల పిచ్చి ఉండి, మ్యాట్ కాగితాలతో ప్రయోగాలు చేస్తానంటే మాత్రం పిగ్మెంట్ ఇంకు (కరగని సన్నటి రంగు రేణువులున్న ఇంకు) ప్రింటర్ కొనుక్కోండి. ఆ సరదా ల్యాబ్‌లో దొరకదు.