సైనస్ తలనొప్పికి ముక్కు ఆపరేషన్ చేయించుకోవాలా?

ఆపరేషన్ సంగతి తర్వాత. ముందు అది సైనసేనా అని తేల్చుకోండి. నుదురు బరువు, కళ్ల కింద పోటు, ముక్కు దిబ్బడ అని మీ ప్రశ్నలో రాశారు. ఆ మూడూ మైగ్రేన్‌లోనూ (పార్శ్వపు తలనొప్పిలోనూ) ఉంటాయి. నన్నడిగితే మన జిల్లాలో సైనస్ అని తిరిగేవాళ్లలో సగానికి పైగా మైగ్రేన్ వాళ్లే.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల దుమ్ము ఉంటుంది కాబట్టి ఎవరికి తల నొచ్చినా ఇక్కడ సైనసే అంటారు. హాలియాలో మా చిన్నమ్మ కొడుకు పెళ్లి. బారాత్‌లో డీజే మొదలవగానే నాకు కుడి కణత పోట్లు, ముక్కు బిగుసుకుపోవడం, కంట్లో నీళ్లు. ఆ రంగుల లైట్లు చూస్తే కడుపులో తిప్పింది. బియ్యం బస్తాల గదిలో తలుపేసుకుని పడుకున్నా. మేనత్త "చల్లగాలి తాకిందిరా, సైనస్ తిరగబెట్టింది" అంటూ పసుపు వేసిన వేడినీళ్లు తెచ్చింది. ఆ వాసనకే వాంతయింది. కాసేపు నిద్రపోయి లేస్తే నొప్పి లేదు. సైనస్‌లో చీముంటే కునుకు తీస్తే పోతదా?

తర్వాత నల్లగొండలో ఈఎన్‌టీ డాక్టర్‌కు సీటీ స్కాన్ చూపించా. ముక్కు దూలం వంకరని రిపోర్టులో ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టి, "నొప్పప్పుడు వెలుగు పడదా? వాంతికొస్తదా? పని మానేసి పడుకుంటావా?" అన్నారు. అన్నిటికీ అవునన్నా. "దూలం వంకర చానామందికి ఉంటది. అది సరిచేస్తే నీ తలనొప్పి పోదు" అని మైగ్రేన్ మందు రాశారు. ముఖానికీ సైనస్‌లకూ మెదడు పొరకూ ట్రైజెమినల్ అనే ఒకే నరం పోతుంది, అందుకే ముక్కు కూడా దిబ్బడేస్తుందట. 2004లో అమెరికాలో సైనస్ తలనొప్పి అనుకున్న 2,991 మందిని చూస్తే 88 శాతం మందివి మైగ్రేన్ తరహా లక్షణాలే.

మెడికల్ షాపుల సంగతి చెప్పకుండా ఉండలేను. తలనొప్పి అనగానే రెండు యాంటీబయాటిక్ గోళీలు కత్తిరించి ఇస్తారు. ముక్కు దిబ్బడ తగ్గడానికి వేసుకునే చుక్కల మందు నెలల తరబడి అమ్ముతూనే ఉంటారు. వారం దాటి వాడితే ఆ చుక్కలే ముక్కును ఇంకా దిబ్బడేస్తాయి.

అసలు సైనస్ అయితే పచ్చగా, చిక్కగా చీమిడి కారుతుంది, వాసన తెలియదు, జ్వరం కూడా రావచ్చు. పది రోజులైనా తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించండి. కన్ను చుట్టూ వాచినా, చూపు మసకబారినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పోండి, తెల్లారనివ్వొద్దు.