బిడ్డా, ముందుగాల బియ్యం కొలువు

హనుమకొండ

బిడ్డా,

ఇంటిల్లిపాది సక్కగ తినాలంటె ఏమేం కొనాలె అని అడిగినవు. కొత్తగ కొనేది తక్కువే. ఓట్సు, డబ్బాల పొడులు, కిలోకు వందలు పెట్టే అండుకొర్రలు లేకున్నా నడుస్తది. మార్చేది కొలత. మన దిక్కు పళ్లెం నిండ బువ్వ పెట్టుకొని, అంచుకు ఇంత కూర, ఇంత తొక్కు ఏస్కొని తింటం. దాన్ని తిరగెయ్యాలె. అందుకే ఈ ఉత్తరంల బియ్యం ముచ్చటే ఎక్కువ ఉంటది, జర ఓపికతోని చదువు.

హైదరాబాదుల తార్నాక కాడున్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఒక లెక్క ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిసి 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల వంటివి 35, నూనె 27 గ్రాములు, పాలు పెరుగు కలిసి 300 మిల్లీలీటర్లు. గుడ్డు, చేప, మాంసం తింటె పప్పుల వాటాల నుంచి కొంత తీసెయ్యొచ్చు. ఇదంత వండకముందు తూకం. ధాన్యం కంటె కూరగాయల తూకం ఎక్కువున్నది చూసినవా? మన వంటింట్ల ఇది ఉల్టా.

రేషన్ల 2025 ఉగాది సంది మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. రోజు లెక్క కడితె 200 గ్రాములు. అంటె ధాన్యం వాటా అంత దగ్గరదగ్గర తెల్లబియ్యంతోనే నిండుతది. దాని మీద ఇడ్లి, అటుకులు, బ్రెడ్డు, బిస్కట్లు. తినే ధాన్యంల సగమన్న పొట్టుతోని ఉండాలె, జొన్నలో, గోధుమలో, రాగులో. సన్నబియ్యం నోటికి మెత్తగ పోతది గనుక తెల్వకుంటనే ఇంకో గంటె ఎక్కువ తింటం. ఆ సంగతి మతిల పెట్టుకో.

మీరు పెద్దోళ్లు ముగ్గురు, పిల్లగాడొకడు. 200 మిల్లీలీటర్ల స్టీలు గిలాసల బియ్యం 170 గ్రాముల దాక పడతయి. పగటికి రెండు గిలాసలు పొయ్యి, నలుగురికీ సరిపోవాలె. పొద్దుగాల నాష్టకు మనిషికి 50 గ్రాముల రవ్వనో పిండో, మాపటికి జొన్నరొట్టెలు. గిలాసను బియ్యం డబ్బలనే ఉంచు, చేతి అందాజ మీద పొయ్యకు. అల్లుడిది కుర్చీల కూసునే కొలువు గనుక ఈ లెక్క. పొలం పనో, మూటలు మోసే పనో చేసేటోళ్లకు ధాన్యం ఇంకా కావాలె.

ఇక్కడ చాలమంది ఒకటి గడబిడ చేస్తరు. బియ్యం తగ్గిస్తరు గని ఆ జాగల ఏం పెట్టరు. నాలుగు గంటలకల్ల ఆకలైతది, మిర్చిబజ్జీల బండి కాడికి పోతరు, వారం దిరక్కుంటనే పాత లెక్కకు వస్తరు. అందుకని మొదటి వారం బియ్యం ముట్టుకోకు, పప్పు కూర పెంచు. రెండో వారం నుంచి పూటకు పావు గిలాస తగ్గించుకుంట రా. వడ్డించేటప్పుడు ముందుగాల కూర పెట్టు, పప్పు పెట్టు, మిగిలిన జాగల అన్నం పెట్టు.

బియ్యం రెండుసార్లు కడిగితె చాలు, రుద్ది రుద్ది కడగకు. ఎసరు కొలిచి పొయ్యి. గంజి వంచితె నీళ్లల్ల కరిగే బి విటమిన్లు గంజితోనే పోతయి. వంచాల్సి వస్తె ఆ గంజిని పప్పుల కలుపు. షాపుల తెలంగాణ సోన దొరికితె తెచ్చుకో, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీల తీసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం అదే. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 52 దగ్గర ఉంటదని లెక్క, అంటె మామూలు సన్నబియ్యం కంటె నెత్తుట్ల చక్కెర జర నిదానంగ పెరుగుతది. అట్లని రెండింతలు తింటె లాభం లేదు.

జొన్నరొట్టె రాదని భయపడుతున్నవు గద. పచ్చజొన్నలు తీసుకొని రెండు మూడు కిలోలే గిర్ని పట్టించు, రెండు వారాలల్ల ఒడవాలె. పిండి పాతదైతె చేదెక్కుతది, రొట్టె చరుస్తుంటె అంచులు పగులుతయి. జొన్నల గోధుమ లెక్క సాగే గుణం లేదు, పిండిని పట్టి ఉంచేది మరిగిన నీళ్లే. ఒక గిలాస పిండికి ముప్పావు గిలాస కంటె జర ఎక్కువ నీళ్లు, చిటికెడు ఉప్పేసి తెర్లనియ్యి. పొయ్యి బంద్ చేసి, పిండి పోసి, కట్టెతోని కలిపి ఐదు నిమిషాలు మూత పెట్టు. చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతోని ఐదు నిమిషాలు గట్టిగ పిసుకు. అందరికీ తప్పేది ఈ పిసుకుడు కాడనే. రెండు రొట్టెలకు సరిపడ ముద్దనే తీసి పిసుకు, మిగిలింది తడిబట్ట కింద ఉంచు. పెనం బాగ కాలినంక రొట్టె ఏసి, పైన తడిచెయ్యితోని నీళ్లు రాయి. నీళ్లు ఆరినంక తిప్పు. పెనం చల్లగుంటె రొట్టె అంటుకుంటది, మరీ పొగలొస్తె పైన మాడి నడుమ పచ్చిగుంటది. పిండిని జల్లెడ పట్టి పొట్టు పారబోయకు, పీచంత దాంట్లనే ఉన్నది. 100 గ్రాముల పిండికి రెండు రొట్టెలొస్తయి, పెద్దోళ్లకు పూటకు రెండు చాలు. చేతకాని రోజు జొన్నరవ్వతోని గట్క వండి, చల్ల పోసుకొని తినుర్రి.

ఇగ పప్పు. ధాన్యం మూడు పాళ్లకు పప్పు ఒక పాలు ఉంటె రెండింటి మాంసకృత్తులు కలిసి పని చేస్తయి. మాంసకృత్తులల్ల లైసిన్, మిథియోనిన్ అని భాగాలుంటయి. బియ్యం, జొన్నల తక్కువున్న లైసిన్ పప్పుల ఉంటది, పప్పుల తక్కువున్న మిథియోనిన్ ధాన్యంల ఉంటది. కాబట్టి రెండు గిలాసల బియ్యం పెట్టిన పూట ముప్పావు గిలాస కందిపప్పో పెసరపప్పో పడాలె. నలుగురికి పిడికెడు పప్పేసి రెండు లీటర్ల పప్పుచారు కాస్తరు చూడు, అది రుచికి మంచిదే గని పప్పు కింద లెక్క రాదు. పచ్చిపులుసూ అంతే. దానికి ముద్దపప్పు జోడు పెట్టిన పాతోళ్లు తెలివిగల్లోళ్లు. పప్పు తొందరగ ఉడకాలని సోడా వెయ్యకు, బి1 విటమిన్ పాడైతది. అరగంట నానబెడితె అదే ఉడుకుతది.

రొట్టెలల్లకు రోజూ ఆలుగడ్డ కూర వద్దు. బబ్బెర్లు, ఉలువలు, పెసర్లు, శెనగలు మార్చుకుంట వండు. రాత్రి నానబెట్టు, నీళ్లు వంపి కొత్త నీళ్లల్ల ఉడికించు, కడుపుల గ్యాసు తక్కువైతది. పెసర్లు మొలకలు కట్టాలంటె ఎనిమిది గంటలు నానబెట్టి, తడిబట్టల మూటగట్టి పన్నెండు గంటలుంచు. ఎండకాలం ఇంకా తొందరగ వస్తయి. జిగట పట్టినా, పుల్లటి వాసనొచ్చినా పారబొయ్యి. పిల్లగానికి, మీ అత్తమ్మకు మొలకలు పచ్చివి పెట్టకు, ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి పెట్టు. ఆ తడిల, వెచ్చదనంల పెసర్లతోపాటు సూక్ష్మక్రిములు గూడ పెరుగుతయి.

ఒక గుడ్డుల 6 గ్రాముల మాంసకృత్తులుంటయి, అది 25, 30 గ్రాముల పప్పుతోని సమానం. మటన్‌తోని పోలిస్తె గుడ్డు శాన చౌక. ఐతారం మటన్ ఒక్కపూట అరకిలో తిని వారమంత వట్టి చారన్నం తినే కంటె, అవే పైసలతోని వారంల రెండుసార్లు చెరువు చేప తెచ్చుకో, రవ్వనో, బొచ్చెనో. మనిషికి వారానికి 200 గ్రాములు మంచిది. వేయించకు, పులుసు పెట్టు.

మీ నలుగురికి కూరగాయలు రోజుకు కిలోంబావు నుంచి కిలోన్నర కావాలె. వారానికి పది కిలోల దాక అయితది. ఇప్పుడు నువ్వు తెచ్చేది నాలుగు కిలోలు గూడ ఉండదనుకుంట. బీరకాయ, ఆనిగెపుకాయ, గోకరకాయ, బెండకాయ, చిక్కుడు, ఏ కాలంది ఆ కాలంల చౌకగుంటది. ఆనిగెపుకాయ తురిమి సర్వపిండిల గూడ కలుపు, బియ్యపు పిండి కొంత తగ్గుతది. ఆలుగడ్డను కూరగాయల లెక్కల కలపకు, అది పిండిపదార్థం.

ఆకుకూర మనిషికి రోజుకు 100 గ్రాములు. తోటకూర, పాలకూర, చుక్కకూర, పుంటికూర, గంగవాయిలికూర, మెంతికూర ఒక్కో రోజు ఒక్కోటి. తుమ్మికూర వినాయకచవితి ఒక్కనాడే ఎందుకు తినాలె, వానకాలమంత చెల్కల్ల దొరుకుతది. ఆకును ముందుగాల మూడు నీళ్లల్ల కడుగు, తర్వాత తరుగు. తరిగి కడిగితె సారం నీళ్లపాలైతది. ఎవరికన్న కిడ్నీల రాళ్లుంటె పాలకూర, గంగవాయిలి తగ్గించాలె, రాళ్లు కట్టించే ఆక్సలేట్ వాటిల ఎక్కువ.

నీకు నెత్తురు తక్కువున్నదన్నరు గద. ఆకుకూర తిన్నంత మాత్రాన ఇనుము ఒంటికి పట్టదు, దానికి పులుపు తోడు కావాలె. పప్పుకూర దించినంక నిమ్మకాయ పిండు, పొయ్యి మీద ఉండంగ పిండితె సి విటమిన్ వేడికి పోతది. లేకుంటె తిన్నంక ఒక జామపండు తిను. చాయ్ మాత్రం అన్నానికి ముందు గంట, తర్వాత గంట ముట్టుకోకు. దాంట్ల టానిన్లు ఇనుమును పట్టుకొని ఒంటికి అందనియ్యవు. చాయ్‌ల బిస్కట్ ముంచుకొని అదే నాష్ట అనిపిచ్చుకునే అలవాటు నీకు ఎప్పటినుంచో ఉన్నది, అది మానాలె. డాక్టర్ రాసిన ఇనుము గోలీలు మాత్రం ఆపకు. తిండి వాటికి తోడు, బదులు కాదు.

నూనె లెక్క తేలిక. మనిషికి రోజుకు 27 గ్రాములంటె నెలకు 810. దాంట్ల బయట తినే బజ్జీలు, మిక్చరు, తొక్కుల మీద తేలే నూనె గూడ కలిసి ఉన్నది. అందుకని మీ ఇంటికి నెలకు రెండు పాకిట్లు తెచ్చి, మూడోది తేకు. నూనె డబ్బల నుంచి వంపకు, చెంచతోని ఎయ్యి. సకినాలు కాల్చిన నూనెను వడబోసి రెండు రోజులల్ల కూరల తాలింపుకు వాడుకో, మళ్లా గోలియ్యకు.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, చదును చేసిన చిన్న చెంచెడు. మీ ఇంటికి కిలో పాకిట్ రెండు నెలలు దగ్గరదగ్గర రావాలె. నెలకే ఒడిస్తె తొక్కులు, అప్పడాల కంటె ముందు పెరుగన్నంల మీద నుంచి చల్లుకునే ఉప్పును చూడు.

పల్లీలు మనిషికి రోజుకు పిడికెడు, నువ్వులు ఒక చెంచెడు. సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది, పల్లి సద్ది చేస్తవు గద, ఆ పొడులే బెల్లం లేకుంట చేసి రొట్టెలల్ల, కూరలల్ల ఎయ్యి. ముడుతలు పడ్డవి, నల్లబడ్డవి, చేదున్నవి ఏరి పారబొయ్యి. వాటి మీద పెరిగే బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తది, ఏంచినా పూర్తిగ పోదు.

పిల్లగాడు అన్నం తింటలేడంటె సాయంత్రం నాలుగు గంటలకు వాని చేతిల ఏం పెడుతున్నవో చూసుకో. బిస్కట్లు, కుర్‌కురేలు తిన్న కడుపు ఏడు గంటలకు బువ్వ కోరదు. ఆ యాళ్లకు ఉడికిన గుడ్డు, పల్లిపట్టి, అరటిపండు, జామపండు ఏదో ఒకటి పెట్టు. రాగులల్ల 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉన్నది, పాలు పోసి కాచిన రాగిజావ వానికి మంచిది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిల ఇచ్చే నులిపురుగుల గోలీ తప్పనియ్యకు.

అదే రాగిజావ మీ అత్తమ్మకు మాత్రం పొద్దున్నే గిలాసలకు గిలాసలు ఇయ్యకు. షుగరుకు మందని అందరు చెప్తరు గని, మెత్తటి పిండి నీళ్లల్ల ఉడికితె చక్కెర తొందరగనే ఎక్కుతది. ఆమెకు రాగిరొట్టెనో జొన్నరొట్టెనో పెట్టు, పక్కన కూర పెద్ద గిన్నెడు. పండు తినొచ్చు, రసం వద్దు. షుగరున్నదని రాత్రిపూట ఉపాసముంటె, గోలీ వేసుకున్న మనిషికి చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తయి. పప్పు, గుడ్డు పెంచే ముందు ఆమె కిడ్నీ పరీక్ష కాగితం డాక్టరుకు చూపియ్యి. కిడ్నీ బాగలేకుంటె నేను రాసిన పప్పు లెక్క ఆమెకు వర్తించదు.

వచ్చే నెల కిరాణం చీటీల ఇట్ల రాసుకో: జొన్నలు 10 కిలోలు, గోధుమలు 2, అన్ని పప్పులు గింజలు కలిసి 6, పల్లీలు 2, నువ్వులు అరకిలో, గుడ్లు రెండు ట్రేలు. రేషన్ బియ్యం 24 కిలోలల్ల 14 వాడితె సరిపోతది. మిగిలినవి పురుగు పట్టకుంట డబ్బల ఎండిన యాపాకు ఏసి పెట్టు, దసరకు పనికొస్తయి. జొన్నలు ఒకేసారి గిర్నికి పంపకు.

మీ పెద్దమ్మ