క్లబ్‌తో పేచీ ఉన్నా ప్రాక్టీస్ మానొద్దు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. పోయినేడాది బెంగళూరులో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌తో మూడేళ్ల కాంట్రాక్టు చేసుకున్నాడు. జీతం సరిగ్గానే ఇస్తున్నారు గానీ మ్యాచ్‌ల్లో దింపడం లేదు. గోవాలో ఇంకో క్లబ్ వాడిని రమ్మంటోంది, వీళ్లేమో వదలట్లేదు. మేనేజ్‌మెంట్‌తో గొడవపడి వారం నుంచి ప్రాక్టీస్‌కు వెళ్లడం లేదు. కాంట్రాక్టు తెంచుకుని వెళ్లిపోవచ్చా? లేక ఆట మానిపించి డిగ్రీలో చేర్చమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు బాబును రేపే ప్రాక్టీస్‌కు వెళ్లమనండి. తనను ఆడించడం లేదన్న బాధ నిజమైనదే. కానీ చెప్పకుండా మానేస్తే కాంట్రాక్టు తప్పింది అతనే అవుతాడు. జీతం కోయడానికైనా, నోటీసు ఇవ్వడానికైనా క్లబ్‌కు మనమే అవకాశం ఇచ్చినట్టు.

మెస్సీ సంగతి బాబుకు తెలిసే ఉంటుంది, అయినా ఇంకోసారి గుర్తుచేయండి. 2020 ఆగస్టులో అతని క్లబ్ బార్సిలోనా 8-2తో బయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడాక, వెళ్లిపోతానని క్లబ్‌కు అధికారికంగా ఉత్తరం పంపాడు. సీజన్ చివర్లో ఉచితంగా వెళ్లిపోవచ్చని అతని కాంట్రాక్టులో ఉంది. అయితే ఆ మాట జూన్ 10లోగా చెప్పాలి. కరోనా వల్ల సీజన్ ఆగస్టు దాకా సాగింది కాబట్టి గడువు కూడా జరిగినట్టే అన్నది అతని వాదన. గడువు దాటింది, వెళ్లాలంటే 70 కోట్ల యూరోలు కట్టాల్సిందేనని క్లబ్ పట్టుబట్టింది, స్పెయిన్ లీగ్ లా లిగా కూడా అదే మాట అంది. కొత్త సీజన్ తొలి ప్రాక్టీస్‌కు అతను వెళ్లలేదు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. ప్రాణంగా చూసుకున్న క్లబ్‌ను కోర్టుకు ఈడ్వలేనని సెప్టెంబరు 4న ప్రకటించి, తిరిగి వచ్చి ఆ సీజనంతా ఆడాడు. లీగ్‌లో ఎక్కువ గోల్స్ కూడా అతనివే. అంతటి ఆటగాడినే ఒక్క తేదీ కట్టిపడేసింది.

మన దేశంలోనూ 2024లో డిఫెండర్ అన్వర్ అలీ మోహన్ బగాన్‌తో ఒప్పందం మధ్యలో తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఫుట్‌బాల్ సమాఖ్య కమిటీ నాలుగు నెలలు ఆడకుండా నిషేధించి, అతనూ, ఈస్ట్ బెంగాల్, అతని అసలు క్లబ్ ఢిల్లీ ఎఫ్‌సీ కలిసి మోహన్ బగాన్‌కు 12.9 కోట్ల రూపాయల పరిహారం కట్టాలంది. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక ఆ ఆదేశం వెనక్కి తీసుకున్నారు. ఆ టెన్షన్ 19 ఏళ్ల పిల్లాడికి, మీ కుటుంబానికి వద్దు.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం ఈ వయసులో కుదిరిన కాంట్రాక్టుకు మొదటి మూడేళ్లు ప్రత్యేక రక్షణ ఉంటుంది. సరైన కారణం లేకుండా తెంచుకుంటే పరిహారంతోపాటు నిషేధం కూడా పడొచ్చు. రెండు నెలల జీతం ఎగ్గొడితే, 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి బయటపడొచ్చు. మీకు జీతం అందుతోంది కాబట్టి ఆ దారి లేదు. ఆడించకపోవడాన్ని కారణంగా చూపే నిబంధన ఒకటి ఉంది గానీ అది పేరున్న, స్థిరపడిన ఆటగాళ్ల కోసం.

మరి దారేమిటంటే, లోన్. అంటే కాంట్రాక్టు ఇక్కడే ఉంచి, ఒక సీజన్ గోవాలో ఆడటం. క్లబ్ ఆటగాడిని పోగొట్టుకోదు, బాబుకు మ్యాచ్‌లు దొరుకుతాయి. గోవా వాళ్లు నేరుగా బాబుతో మాట్లాడటం సరికాదు, ముందు బెంగళూరు క్లబ్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ పని చేయకుండా ఫోన్లో ఆశలు పెడుతున్నారంటే నాకు అనుమానమే. బాబు కూడా కోచ్‌కు, మేనేజ్‌మెంట్‌కు మర్యాదగా ఒక ఈమెయిల్ రాయాలి: వారం రాకపోవడానికి క్షమాపణ, ఆడాలన్న కోరిక, లోన్‌కు విన్నపం. వాట్సాప్‌లో వాదనలు, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు అసలే వద్దు. దీనికి ముందు కాంట్రాక్టు మొత్తం ఒక లాయరుకు చూపించి రిలీజ్ క్లాజు (ఎంత కడితే వదిలేస్తారన్న షరతు), నోటీసు గడువు, పొడిగించుకునే హక్కు ఎవరిదో తెలుసుకోండి.

డిగ్రీ తప్పకుండా చేయనివ్వండి, ఆట మానిపించి మాత్రం కాదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో చేరితే ఆడుతూనే చదువుకోవచ్చు. ఇప్పుడు కోపంలో కాలేజీలో పడేస్తే అది బాబుకు శిక్షలాగే అనిపిస్తుంది. ఈ వారం వీలైతే మీరే బెంగళూరు వెళ్లి రెండు రోజులు వాడి దగ్గర ఉండండి.