నిలువు గీతకూ చోటుండాలి

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

అమీర్‌పేట హాస్టల్ నుంచి నువ్వు ఫోనులో పంపిన ప్రోగ్రామును రెండుసార్లు చదివాను. సరళరేఖ క్లాసులో, అంటే ప్రోగ్రాములో సరళరేఖకు రాసిన నమూనాలో, వాలునూ అంతరఖండాన్నీ (గీత వై అక్షాన్ని తాకే చోటు) దాచుకున్నావు. ఇంటర్‌లో వై = ఎమ్·ఎక్స్ + సి అని రాసి రాసి ఉన్నవాళ్లకు మొదట తోచేది అదే. కానీ అది వద్దు నాన్నా.

చార్మినార్ కమానులు నాలుగు దిక్కులకూ తెరుచుకుంటాయి కదా. తూర్పు వైపు ఎక్స్, ఉత్తరం వైపు వై అనుకుని పటం గీయి. తూర్పు కమాను నుంచి పడమటి కమానుకు గీసిన గీతకు వాలు 0. ఉత్తరం నుంచి దక్షిణానికి గీస్తే? ఎక్స్‌లో తేడా లేదు, సున్నాతో భాగించాలి. నీ క్లాసులో ఆ గీతకు చోటే లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇళ్ల ప్లాన్లు గీసే ప్రోగ్రాములో మేమూ ఈ తప్పే చేశాం. నిలువు గోడకు వాలుగా ఏదో పెద్ద సంఖ్య పెట్టి సర్దుకున్నాం. గోడలు కలిసే మూలలు వెంట్రుకవాసి జరిగి, గదులు మూసుకోలేదు. కారణం పట్టుకోవడానికి పది రోజులు పట్టింది. అందుకే, ‘నిలువుగా ఉంటే’ అనే షరతును క్లాసులో ఒక్కో పని చేసే ప్రతి మెథడ్‌లోనూ తగిలించి గట్టెక్కాలని చూడకు.

ఎ·ఎక్స్ + బి·వై + సి = 0 రూపం తీసుకో. రెండు బిందువులు ఇస్తే ఎ = వై1 − వై2, బి = ఎక్స్2 − ఎక్స్1, సి = −(ఎ·ఎక్స్1 + బి·వై1). భాగహారమే లేదు. ఎ, బి రెండూ సున్నా అయ్యాయంటే ఇచ్చినవి రెండూ ఒకే బిందువు. రేఖను తయారుచేసే కన్‌స్ట్రక్టర్ అక్కడే ఎర్రర్ చూపి ఆపేయాలి. తప్పుడు రేఖ పుట్టకూడదు, పుట్టిన రేఖను బయటివాళ్లు మార్చకూడదు. వాలు కావాలన్నవారికి ఒక మెథడ్ లెక్కగట్టి చెబుతుంది.

ఆ తర్వాత ఎ, బి, సి మూడు గుణకాలనూ ఎ² + బి² వర్గమూలంతో భాగించి ఉంచు. ఎ, బి రెండూ సున్నా కావు కాబట్టి ఈ భాగహారానికి భయం లేదు. ఏ బిందువునైనా సమీకరణంలో ఎడమవైపు పెట్టగానే రేఖ నుంచి దాని దూరం వచ్చేస్తుంది, మైనస్ గుర్తు ఉంటే తీసేస్తే చాలు. రెండు రేఖలు తీసుకుంటే, ఎ1·బి2 − ఎ2·బి1 విలువ, మైనస్ గుర్తు వదిలేస్తే, వాటి మధ్య కోణపు సైన్ అవుతుంది. అది సున్నా అయితే సమాంతరాలు, లేదా రెండూ ఒకటే రేఖ. సున్నాతో నేరుగా పోల్చకు, కంప్యూటర్‌లో 0.1 + 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. కొద్దిపాటి తేడాను అనుమతించు.

రెండు చివరలున్న రేఖాఖండాన్ని సరళరేఖకు ఉపక్లాసుగా, అంటే సరళరేఖలో ఒక రకంగా, చేశావు. అది తీసెయ్యి. సమాంతరం కాని రెండు సరళరేఖలు తలంలో కలిసి తీరతాయి, రేఖాఖండాలు కలవకపోవచ్చు. సరళరేఖను నమ్మి రాసిన మెథడ్‌కు రేఖాఖండాన్ని అందిస్తే, లేని చోట ఖండన బిందువు చూపిస్తుంది. రేఖాఖండం తన రెండు చివరలనే దాచుకోవాలి. తన గుండా పోయే సరళరేఖను అడిగినప్పుడు ఇస్తే చాలు.

ఆదివారం మలక్‌పేటకు భోజనానికి రా. ల్యాప్‌టాప్ తెచ్చుకో. క్లాసు కంటే ముందు ఆ ఉత్తర దక్షిణ గీత సరిగ్గా వస్తుందో లేదో చూసే టెస్టు రాసి తీసుకురా, కలిసి చూద్దాం.

మీ అత్తయ్య