టెక్ సందేహాలు: లావు వేళ్లకు ఎంత వెడల్పు గిటార్ కావాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు గిటార్ మెడ చుట్టూనే తిరిగాయి. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చేసారికి ఉంచి, ఈ శీర్షిక మొత్తం గిటార్‌కే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అకూస్టిక్ గిటార్ నేర్చుకుంటూ ఆరు నెలలైంది. నా వేళ్లు లావు. సి కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి మోగించే వేళ్ల అమరిక) పట్టుకుంటే ఒకటో తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, మోగనే మోగదు. మెడ వెడల్పుగా ఉండే గిటార్ కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ‘నట్ విడ్త్’ అని ఒకచోట 43 మి.మీ., ఇంకోచోట 44.5, మరోచోట 52 అని ఉంది. ఒకటిన్నర మిల్లీమీటర్లతో నిజంగా తేడా వస్తుందా? ఏది కొనమంటారు?

జవాబు: కొనే ముందు మీ దగ్గరున్న గిటార్ మీదే రెండు పరీక్షలు చేయండి. వేళ్లు లావని గిటార్ మూలన పెట్టేసిన వాళ్లను నేను చాలామందినే చూశాను. వాళ్లలో సగం మందికి అసలు ఇబ్బంది వేళ్లది కాదు, మెడదీ కాదు. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

మొదటి పరీక్ష సి కార్డ్‌తోనే. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ ఒక్కోటీ ఒక ఫ్రెట్, ఫ్రెట్‌లో నొక్కడమంటే దానికి ముందున్న గడిలో నొక్కడం. చూపుడు వేలితో రెండో తీగను మొదటి ఫ్రెట్‌లో నొక్కండి. మిగతా వేళ్లను గాల్లోనే ఉంచి, ఒకటో తీగను మీటండి. శుభ్రంగా మోగిందంటే మీ వేలు ఆ సందులో పడుతున్నట్టే. ఇప్పుడు మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో పెట్టి మళ్లీ మీటండి. ఆఖరున ఉంగరం వేలును ఐదో తీగ మూడో ఫ్రెట్ దాకా చాచి మీటండి. చాలామందికి సరిగ్గా ఇక్కడే ఒకటో తీగ మూగబోతుంది. ఉంగరం వేలు చాచేటప్పుడు అరచెయ్యి కొంచెం తిరుగుతుంది. అంతవరకూ నిటారుగా నిలబడ్డ చూపుడు వేలు దాంతో పక్కకు వాలి, వేలి కండ ఒకటో తీగను తాకుతుంది. మీకూ ఇదే జరుగుతుంటే 52 మి.మీ. మెడ కొన్నా లాభం లేదు, ఆ చెయ్యి అక్కడా వాలుతుంది. బొటనవేలిని మెడ పైఅంచు నుంచి దించి, మెడ వెనక మధ్యలోకి తెచ్చుకోండి. మణికట్టును కొద్దిగా ముందుకు జరపండి. కణుపులు విల్లులా వంగి, వేలి కొస మాత్రమే తీగ మీద ఆనుతుంది. గోరు పెరిగి ఉంటే కొస ఆనదు కాబట్టి ఎడమచేతి గోళ్లు ఎప్పటికప్పుడు తీసేయాల్సిందే.

రెండో పరీక్ష ఎ కార్డ్. రెండో ఫ్రెట్‌లో నాలుగు, మూడు, రెండు తీగల మీద మూడు వేళ్లూ పక్కపక్కనే సర్దుకోవాలి. వేళ్లు నిటారుగా ఉన్నా సరే ఒక వేలు ఫ్రెట్‌కు బాగా వెనక్కి నెట్టుకుపోయి తీగ జిర్రుమంటుందా? ఆ చివరి వేలు ఒకటో తీగ మీదికి పొంగుతోందా? అయితే మీకు చోటు నిజంగానే చాలడం లేదు. వెడల్పు గురించి ఆలోచించాల్సింది ఇలాంటప్పుడే.

ఇక ఆ అంకెల సంగతి. తీగలు తల దగ్గర ఆనుకునే చిన్న తెల్లని పట్టీని నట్ అంటారు. అక్కడ మెడ ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంతుందో అదే నట్ విడ్త్. అయితే వేళ్లకు కావలసింది మెడ వెడల్పు కాదు, తీగల మధ్య సందు. 43 మి.మీ. మెడలో రెండు అంచుల్లో వదిలే చోటు తీసేస్తే, ఒకటో తీగ నుంచి ఆరో తీగకు సుమారు 36 మి.మీ. మిగులుతుంది. ఆరు తీగల మధ్య ఐదు సందులు కాబట్టి ఒక్కోటి 7.2 మి.మీ. అదే 44.5 అయితే ఒక్కో సందు సుమారు 7.5 మి.మీ. అంటే పెరిగేది 0.3 మి.మీ. లైట్ రకం తీగల సెట్‌లో ఒకటో తీగ మందం సరిగ్గా అంతే ఉంటుంది. ఆ సన్న తీగను పట్టుకుని చూడండి, ఒక్కో సందుకు అదనంగా వచ్చేది అంత చోటు.

అంతే కదా అనిపిస్తుంది. కానీ వాయించేటప్పుడు అది తెలుస్తుంది. పక్క తీగను రాసుకుంటున్న వేలికి 0.3 మి.మీ. చాలు, తగలడానికీ తగలకపోవడానికీ మధ్య తేడా అంతే కాబట్టి. నేను చాలా ఏళ్లు 43 మి.మీ. మెడ మీద వాయించి 44.5కి మారాను. మొదటి వారం వేళ్లు తీగను తప్పి పక్కన పడుతుండేవి. రెండు వారాలకు అలవాటయ్యాక, ఎ కార్డ్‌లో మధ్యలో ఇరుక్కునే వేలికి ఊపిరాడినట్టనిపించింది.

కంపెనీలకూ ఈ తేడా చిన్నది కాదు. మార్టిన్ కంపెనీ తన పెద్ద సైజు డ్రెడ్‌నాట్ గిటార్ల మెడను 1939లో 1.75 అంగుళాల నుంచి 1.6875 అంగుళాలకు తగ్గించింది. మన లెక్కలో 44.5 నుంచి 42.9 మి.మీ.కి అన్నమాట. 2017లో డీ-28 మోడల్‌ను మార్చినప్పుడు దాన్ని మళ్లీ 1.75కి తెచ్చింది. యమహా ఎఫ్‌జీ800 మెడ 43 మి.మీ. గిబ్సన్ జే-45 స్టాండర్డ్‌ది 1.725 అంగుళాలు, అంటే 43.8 మి.మీ. సీగల్ ఎస్6ది 1.8 అంగుళాలు, అంటే 45.7 మి.మీ. స్టీల్ తీగల గిటార్లలో లావు వేళ్ల వాళ్లకు ఈ ఆఖరిది బాగా వీలుగా ఉంటుందని నా అభిప్రాయం. క్లాసికల్ గిటార్లకు సాధారణంగా 52 మి.మీ. ఉంటుంది. క్లాసికల్‌కూ స్టీల్‌కూ మధ్యస్థంగా, 48 మి.మీ. మెడతో నైలాన్ తీగల ‘క్రాసోవర్’ గిటార్లు కూడా దొరుకుతాయి.

వెడల్పు ఊరికే రాదు, దానికో మూల్యం ఉంది. ఎఫ్ లాంటి బార్ కార్డ్‌లో చూపుడు వేలు ఆరు తీగలనూ ఒక్కటే నొక్కాలి. మెడ వెడల్పయ్యేకొద్దీ ఆ వేలి మీద భారం పెరుగుతుంది. పైగా స్టీల్ తీగల గిటార్లలో ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్లు ఆనే పలక) పైభాగం కొంచెం గుండ్రంగా ఉండి వేలి వంపుకు సరిపోతుంది, క్లాసికల్‌లో అది చాలావరకు చదునుగా ఉంటుంది. బొటనవేలిని పైనుంచి వంచి ఆరో తీగ నొక్కే అలవాటున్నవాళ్లకు 46 మి.మీ. దాటితే అందడమే కష్టం. పాటకు తోడుగా స్ట్రమ్మింగ్ చేసేవాళ్లకు, అంటే తీగలన్నిటినీ కలిపి మీటేవాళ్లకు, 43 చక్కగా సరిపోతుంది. కుడిచేతి వేళ్లతో ఒక్కో తీగనూ మీటే ఫింగర్‌స్టయిల్ వాళ్లు 44.5, ఆ పైది ఎక్కువగా కోరుకుంటారు. వాళ్లు ఇంకో అంకె కూడా చూడాలి. తీగలు కింద ఆనుకునే శాడిల్ దగ్గర ఆ చివరి తీగ నుంచి ఈ చివరి తీగకు ఉండే దూరం అది. స్టీల్ గిటార్లలో అది ఇంచుమించు 54 నుంచి 57 మి.మీ. దాకా ఉంటుంది. కుడిచేతి వేళ్లకు చోటిచ్చేది ఇదే.

వెడల్పు కన్నా ముందు చేతికి తెలిసేది మెడ మందం. షాపులో గిటార్ చేతిలోకి తీసుకోగానే ‘ఇది లావుగా ఉంది’ అంటాం చూడండి, ఆ లావు చాలాసార్లు వెనకవైపుది. ఒకే 44.5 మి.మీ. వెడల్పున్న రెండు మెడల్లో ఒకటి వెనక పలచగా సి ఆకారంలో, మరొకటి మధ్యలో ఉబ్బి వి ఆకారంలో ఉంటే అవి రెండు వేరే గిటార్లలా అనిపిస్తాయి. అందుకే అంకె చూసి మురిసిపోకండి. ఎఫ్ కార్డ్ పట్టుకుని రెండు నిమిషాలు ఉంచండి. బొటనవేలి మొదట్లో, ఆ కండ దగ్గర నొప్పి మొదలైతే ఆ మెడ ఆకారం మీకు సరిపడలేదు.

ఇంకొకటి తప్పకుండా చూడండి. కొత్త గిటార్లలో నట్ గాడులు, అంటే తీగలు కూర్చునే కోతలు, లోతు చాలక పైకి ఉండిపోవడం మామూలే. అలా ఉంటే మొదటి ఫ్రెట్‌లో తీగను నొక్కడానికి అనవసరంగా బలం కావాలి. బలం పెట్టినకొద్దీ వేలి కొస అణిగి వెడల్పవుతుంది, పక్క తీగకు తగులుతుంది. నింద మాత్రం మెడ మీద పడుతుంది. ఒక్కో తీగనూ రెండో, మూడో ఫ్రెట్‌ల మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద ఎంత సందుందో చూడండి. కాగితం పట్టేంత ఉంటే చాలు. విజిటింగ్ కార్డ్ సులువుగా దూరిపోతుంటే గాడులు లోతు చేయించాలి. గిటార్ రిపేర్ తెలిసినవాళ్లకు అది కాసేపటి పని. దాని తర్వాత ఎ కార్డ్ పరీక్ష మళ్లీ చేసి, అప్పటికీ చోటు చాలకపోతే 44.5 కన్నా తక్కువ చూడకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. చేతులు చిన్నవి. నైలాన్ తీగలు మెత్తగా ఉంటాయని క్లాసికల్ గిటార్ కొనమన్నారు వాళ్ల టీచర్. కానీ 52 మి.మీ. మెడ చూస్తే టెన్షన్‌గా ఉంది. స్టీల్ తీగలదే సన్న మెడది కొనమంటారా?

జవాబు: టీచర్ మాటే వినండి. కాకపోతే పెద్ద సైజు వద్దు, ముప్పావు సైజు తీసుకోండి. చిన్న చేతులకు అడ్డమొచ్చేది మెడ వెడల్పు కన్నా ఎక్కువగా ఫ్రెట్‌ల మధ్య దూరం. నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవును స్కేల్ లెంగ్త్ అంటారు, ఫ్రెట్‌ల దూరాలన్నీ దాన్ని బట్టే ఉంటాయి. 650 మి.మీ. స్కేల్ ఉన్న పూర్తి సైజు క్లాసికల్‌లో నట్ నుంచి మూడో ఫ్రెట్‌కు 103 మి.మీ. అదే 580 మి.మీ. స్కేల్‌లో 92. సి కార్డ్‌కు పాప చాచాల్సిన దూరంలో సెంటీమీటరు పైనే తగ్గింది చూడండి. ముప్పావు సైజు గిటార్లకు మెడ వెడల్పు కూడా ఆ మేరకు తక్కువే ఉంటుంది. ఆ వయసులో తీగ నొక్కితే వేలు కోసుకుపోయినట్టు ఉండకపోవడమే అన్నిటికన్నా ముఖ్యం. స్టీల్ తీగల మీద మొదటి నెలలో వేళ్లు మండి మానేసే పిల్లలున్నారు.

ప్రశ్న: షాపుకు వెళ్లి చూసే వీలు లేదు, ఆన్‌లైన్‌లోనే కొనాలి. ఇప్పుడున్న గిటార్ మెడను ఫోన్ మెజర్ యాప్‌తో కొలిచి పోల్చుకోవచ్చా?

జవాబు: వద్దు. కెమెరాతో కొలిచే యాప్‌లు గది కొలతలకు పనికొస్తాయి. మనం వెతుకుతున్న తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు, వాటి పొరపాటు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. డిజిటల్ కాలిపర్ ఉంటే నట్‌ను నేరుగా కొలవండి. లేదంటే సన్నటి కాగితం ముక్కను నట్ మీద అడ్డంగా ఆనించి, రెండు అంచుల దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ ముక్కను స్కేలు మీద పరిచి చూడండి.

కొనబోయే మెడ ఎలా ఉంటుందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లోనో లిబ్రాఫీస్ డ్రాలోనో ఆరేసి నిలువు గీతలతో మూడు వరసలు గీయండి. గీతల మధ్య ఒక వరసలో 7.2 మి.మీ., పక్క వరసలో 7.5, ఇంకో వరసలో 8.6 దూరం ఇవ్వండి. ఈ చివరిది క్లాసికల్ మెడకు దగ్గరగా ఉంటుంది. ప్రింట్ చేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి, లేకపోతే ప్రింటర్ బొమ్మను కుదించేస్తుంది. ప్రింటయ్యాక స్కేలుతో ఒకసారి సరిచూసుకోండి. కాగితాన్ని అట్టకు అంటించి, ఎ కార్డ్ పట్టుకున్నట్టే మూడు వేళ్ల కొసలు గీతల మీద పెట్టండి. పక్క గీత కనపడుతోందా, వేలి కింద మాయమైందా అన్నది చూస్తే చాలు. మందం, వంపు దీనితో తెలియవు కాబట్టి వాపసు తీసుకునే చోటే ఆర్డర్ చేయండి. కొలతలు అమ్మకందారు పేజీలో కాక, తయారుచేసిన కంపెనీ సొంత సైట్‌లో చూడండి. అమ్మకం పేజీల్లో ఒక మోడల్ కొలతలు ఇంకో మోడల్‌కు అంటించడం నేను చాలాసార్లు గమనించాను.

ప్రశ్న: గిటార్ మార్చకుండా, నట్ ఒక్కటి మార్పించి తీగల మధ్య సందు పెంచుకోవచ్చా?

జవాబు: కొంచెం వీలవుతుంది. మెడ వెడల్పు మారదు గానీ, అంచుల్లో వదిలిన చోటు తగ్గించి గాడులు దూరం దూరంగా పెట్టిన నట్ వేయించుకోవచ్చు. మొత్తం మీద ఒక మిల్లీమీటరు దాకా కలిసొస్తుంది. అంతకు మించి అడగకండి. ఒకటో తీగ అంచుకు మరీ దగ్గరైతే, నొక్కిన వేలిని లాగి వదిలే పుల్ ఆఫ్ చేసినప్పుడల్లా తీగ ఫ్రెట్ కొస నుంచి జారిపోతుంది. మీ గిటార్‌లో ఇప్పటికే అలా జారుతుంటే ఈ ఆలోచన మానుకోండి.